అమ్మ పుట్టిన దేశపు జెర్సీ

పేర్లు చదివేటప్పుడు కోచ్ ఎప్పుడూ కాగితం వంకే చూసేవాడు. ఇరవైమూడు పేర్లు. చదవడం పూర్తయ్యాక కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి" అనేవాడు. ఆ మిగతావాళ్ళలో రోకలి ఉండటం అది నాలుగోసారి.

రోకలి ఆమె అసలు పేరు కాదు. పదిహేనేళ్ళప్పుడు స్కూలు మైదానంలో తొలిసారి రగ్బీ మ్యాచ్ ఆడుతుంటే చూడటానికి నాన్న వచ్చాడు. అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది తలలు ఒకరి భుజాల్లో ఒకరు దూర్చి ఎడ్లలా నెట్టుకునే స్క్రమ్ చూసి బెంబేలెత్తిపోయాడు. సరిగ్గా దాని నడిమధ్యలో తన కూతురు! ఆట అయ్యాక, "అదేం ఆటే తల్లీ, తల తీసుకెళ్ళి అందులో పెడతావు?" అన్నాడు. "రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి భయపడితే ఎలా నాన్నా?" అందామె, చెవి మీది రక్తం తుడుచుకుంటూ. నాన్న అవతలి జట్టు పిల్లల వంక ఓసారి చూసి, "నీ తలకేం కాదులే. అక్కడ రోకలివి నువ్వే. దెబ్బలు తిన్నది వాళ్ళు" అన్నాడు. పక్కనున్న పిల్లలు విన్నారు. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

స్క్రమ్‌లో ముందు వరుస మధ్యన నిలబడి, కాలితో బంతిని తమవైపు లాగే మనిషిది రెండో నంబరు జెర్సీ. బంతి గీత దాటి బయటికి పోతే, రెండు జట్ల వరుసల మధ్యకి దాన్ని తిరిగి విసిరేదీ ఆమే. ఒక జట్టుకి అలాంటి మనిషి ఒక్కతే ఉంటుంది. దేశం జట్టులో ఆ ఒక్కతీ కెప్టెన్. రోకలికన్నా మూడేళ్ళు చిన్నది. పెద్దదైతే ఎప్పుడో ఒకప్పుడు ఆట మానేస్తుందన్న ఆశయినా ఉండేది. పైగా ఆ పిల్ల మంచిది. మంచివాళ్ళు అడ్డొస్తే తిట్టుకోడానికి కూడా ఉండదు.

అంతకు మూడు నెలల ముందు మాత్రం ఒక్కసారి అదృష్టం పలికింది. ఆమెని బెంచీ మీదకి తీసుకున్న ఓ మ్యాచ్‌లో కెప్టెన్ కనుబొమ చిట్లింది. కుట్లు వేయించుకుని వచ్చేదాకా రోకలిని దింపారు. పదకొండు నిమిషాలు. రెండు స్క్రమ్‌లు, ఒక త్రో. ఆ పదకొండు నిమిషాల్నీ ఆమె తను పనిచేసే టైర్ల షాపులో లారీ చక్రాలు విప్పుతూ, బిగిస్తూ, రోజుకి పదిసార్లు మళ్ళీ ఆడుకునేది.

నాలుగోసారి పేరు రాని ఆ సాయంత్రం, తడి మేజోళ్ళ కంపు కొట్టే గదిలో ఆమె బ్యాగు సర్దుకుంటుంటే కెప్టెన్ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం చెప్పాలో తెలీట్లేదక్కా" అంది.

"నువ్వేం చేస్తావే. నీ కాలు విరగాలని నేను మొక్కుకోలేను కదా."

"మొక్కుకున్నా తప్పులేదు." కెప్టెన్ నవ్వబోయి ఆగిపోయింది. "నిజం చెప్పనా? నువ్వు ఇంకే దేశంలో పుట్టినా ఈపాటికి యాభై మ్యాచ్‌లు ఆడేసేదానివి."

ఓదార్పుకి అన్న మాటే. కానీ ఇంటికెళ్ళేదాకా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది. తను పుట్టింది ఇక్కడే. అమ్మ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు.

అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పని చేసేది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లు ఉతికి, పెద్ద ఇస్త్రీ రోలరు కిందికి పంపి, అవతలి వైపు వేడివేడిగా వచ్చేవాటిని మడతపెట్టడం. ఇరవయ్యేడేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని నాన్న వెంట వచ్చిన దగ్గర్నుంచీ తన పుట్టింటి గురించి గాని, ఆ దేశం గురించి గాని ఒక్క ముక్క మాట్లాడింది లేదు. ఆ భాష కూడా ఇంట్లో వినపడేది కాదు. ఎప్పుడైనా వేలు కాలితే మాత్రం నోట్లోంచి ఓ మాట జారేది. "అంటే ఏంటమ్మా?" అని పిల్ల అడిగితే, "ఏం లేదు, తిట్టు" అనేది.

"అమ్మా, నీ బర్త్ సర్టిఫికెట్ ఉందా?" అని రోకలి అడిగినప్పుడు అమ్మ గిన్నెలు తుడుస్తోంది.

"ఎందుకు, నాకు మళ్ళీ పెళ్ళి చేస్తావా?"

రోకలి చెప్పింది. అమ్మ అక్కడ పుట్టింది కాబట్టి అడిగితే తనకి ఆ దేశపు పౌరసత్వం ఇస్తారు. ఆ దేశం జట్టులో రెండో నంబరు ఖాళీగానే ఉన్నట్టు లెక్క. ఆడే ఆమెకి ముప్పయ్యారేళ్ళు. తను రాసిన ఉత్తరానికి అక్కడి కోచ్ జవాబు కూడా ఇచ్చింది, వస్తే చూస్తానంది.

అమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఆ దేశం పేరెత్తొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను?"

"ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా. నేనెప్పుడూ ఎత్తలేదు."

"మరి ఇప్పుడెందుకు ఎత్తావు?"

నాన్న వెల్డింగ్ షాపు నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాడు. రోకలి అతని వైపు చూసింది. "నన్ను మధ్యలోకి లాగకండి" అన్నాడు నాన్న రెండు చేతులూ ఎత్తేసి. "ఆవిణ్ణి అక్కణ్ణుంచి ఒక్కసారి తీసుకొచ్చినందుకే ఇప్పటిదాకా అనుభవిస్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. నాలుగు రోజులు అమ్మ కూతురితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పళ్ళెం తీసేది, అంతే. ఐదో రోజు పొద్దున, డ్యూటీకి వెళ్ళే ముందు, ఓ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎన్నేళ్ళుగానో మడతల్లో ఉండి చిరుగుపట్టిన కాగితం. కానీ ఒక్క ముడత లేదు. మీద పలచటి గుడ్డ వేసి ఇస్త్రీ చేసినట్టుంది.

"తీసుకో. నన్ను అక్కర్లేదన్న ఊరు నిన్ను కావాలంటుందేమో చూద్దాం" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఒక్కటే మాట. ఆ కాగితంలో మా ఇంటి అడ్రసు ఉంటుంది. ఆ వైపు మాత్రం వెళ్ళకు."

"సరేనమ్మా" అంది రోకలి.

*

ఆట నిబంధనలు చూస్తే అసలు సంగతి అప్పుడు తెలిసింది. ఒక దేశానికి ఆడినవాళ్ళు ఇంకో దేశానికి మారాలంటే చివరి మ్యాచ్ నుంచి మూడేళ్ళు ఏ దేశానికీ ఆడకూడదు. ఒక్కసారి మారితే మళ్ళీ వెనక్కి రావడం ఉండదు. ఆ పదకొండు నిమిషాలు ఆడకుండా ఉంటే ఈ నిరీక్షణ ఉండేదే కాదు. ఏ నిమిషాల్ని ఆమె కళ్ళకద్దుకుని దాచుకుందో, అవే ఇప్పుడు కాళ్ళకి అడ్డం పడ్డాయి.

అయినా వెళ్ళింది. కొత్త ఊళ్ళో క్లబ్బు జట్టులో చోటిచ్చారు. దేశం జట్టు కోచే ఆ క్లబ్బుకి కూడా కోచ్. ఆవిడ పగలు స్కూల్లో భూగోళం చెప్పే టీచరు కాబట్టి అందరూ టీచరమ్మ అనేవాళ్ళు. బతకడానికి ఓ పని కావాలి కదా. క్లబ్బు పక్కనే ఓ టైర్ల షాపుంటే రోకలి వెళ్ళి, సైగలతో, వచ్చిన నాలుగు ముక్కలతో అడిగింది. యజమాని ఆమెని ఎగాదిగా చూసి, "ఆడవాళ్ళకి ఇక్కడ పనుండదమ్మా" అన్నాడు. ఆమె గోడకి ఆనించి ఉన్న లారీ టైరుని దొర్లించుకొచ్చి, అతను ఫోన్‌లో ఇంకొకరితో మాట్లాడటం ముగించేలోపు రిమ్ములోంచి ఊడదీసింది. మర్నాటి నుంచే రమ్మన్నాడు.

పౌరసత్వం ఏడో నెలలో వచ్చింది. వచ్చిన వారానికి పాత దేశం రాయబార కార్యాలయం నుంచి పిలుపు. ఒక మనిషికి రెండు దేశాలు కుదరవు, పాత పాస్‌పోర్టు అప్పగించాలి. మూడో అంతస్తులో, ఫ్యాను కిర్రుమంటున్న గదిలో, కళ్ళజోడు గుమాస్తా ఆ పాస్‌పోర్టు తిరగేశాడు.

"ఫొటోలో చాలా కోపంగా ఉన్నారే?"

"ఆ రోజు సెలెక్షన్ లిస్టు వచ్చిందండీ."

ఆయనకి అర్థం కాలేదు. సొరుగులోంచి కత్తెర తీసి, అట్ట మూల చక్కగా కత్తిరించి, లోపలి పేజీల మీద "రద్దు" అని ముద్ర కొట్టి, ఆమె ముందుకి జరిపాడు. "గుర్తుగా ఉంచుకోవచ్చమ్మా."

"ఇక మా ఇంటికి వెళ్ళాలంటే?"

"దానిదేముంది, వీసా తీసుకోవాలి. ఎన్ని రోజులు ఉంటారో, ఎవరింట్లో ఉంటారో రాయాలి." పక్కనున్న కాగితాల కట్టలోంచి ఓ దరఖాస్తు లాగి ఇచ్చాడు, అదో మేలు చేస్తున్నట్టు.

ఆమె బస్సెక్కి తిన్నగా షాపుకి వచ్చి, సాయంత్రం దాకా పంచర్లు వేసింది. యజమాని ఏమైందని అడిగాడు. "ఏం లేదండీ, కంట్లో రబ్బరు పొడి పడింది" అంది.

అన్నిటికన్నా కష్టమైంది భాష. బంతి గీత దాటినప్పుడు ఎక్కడికి విసరాలో వరుసలోని పొడుగమ్మాయి అరిచి చెబుతుంది. ముందు, నడుమ, వెనక, ఎన్నో అంకె, అన్నీ కలిపి ఓ గుప్తమాట. రోకలికి వినబడేది కానీ బుర్రకి ఎక్కేది కాదు. పైగా ఆ భాషలో "వెనక" అనే మాటనే కాస్త సాగదీస్తే "ఆగు" అనే అర్థం వస్తుంది. ఓ క్లబ్బు మ్యాచ్‌లో పొడుగమ్మాయి "ఆగు" అని అరిచింది. రోకలి వెనక్కి విసిరింది. అక్కడ తమవాళ్ళెవరూ లేరు. అవతలివాళ్ళు బంతి పట్టుకుని అటునుంచటే పరుగెత్తి, చివరి గీత అవతల బంతిని నేలకి ఆనించి ట్రై చేసేశారు.

"చేతులు బంగారం" అంది టీచరమ్మ మ్యాచ్ అయ్యాక. "చెవులు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. మీ అమ్మది ఇక్కడే కదా, నేర్పలేదా?"

ఆ ఆదివారం ఆమె అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, నాకు అంకెలు నేర్పు."

"ఏ అంకెలు?"

"మీవి."

అవతల కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత అమ్మ గొంతు, మెల్లగా, ఏదో అరలో వెతుక్కుంటున్నట్టు, ఒకటి అంది. రెండు అంది. ఏడు దగ్గర తడబడింది. "ఉండు, మర్చిపోయానేమో... లేదు, ఇదే" అని మళ్ళీ అంది.

అప్పట్నుంచి రోజూ, లాండ్రీలో అమ్మకి మధ్యాహ్నం తిండి విరామం దొరికే అరగంటలో పాఠం. మొదట అంకెలు. తర్వాత దిక్కులు. తర్వాత పట్టుకో, వదులు, నెట్టు, లే. రోకలి తప్పు పలికితే అమ్మకి కోపం వచ్చేది. "ఛీ, అలా కాదు. నాలిక పళ్ళకి తగలాలి. మా అక్క అయితే నిన్ను నెత్తిన ఒక్కటి మొట్టేది."

"నీకు అక్క ఉందా?" అంది రోకలి.

ఇరవయ్యేడేళ్ళ పిల్లకి తనకో పెద్దమ్మ ఉన్నట్టు అలా తెలిసింది. ఆ రోజు అమ్మ ఇంకేమీ చెప్పలేదు. కానీ మాట వెంట మాట వచ్చినట్టు, తరవాత రోజుల్లో ఒక్కొక్క ముక్కే బయటపడింది. నాన్న అప్పట్లో ఓడల బాగుచేత పనికి ఆ రేవుకి వచ్చాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. అమ్మ వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు, గడప దాటితే మళ్ళీ రావద్దన్నాడు. అమ్మ దాటింది. మూడో రోజున, బట్టలు తీసుకుందామని, తండ్రి ఇంట్లో లేని వేళ చూసి వెళ్ళింది. తలుపు కొట్టింది.

"అక్క లోపలే ఉంది. తలుపు కింద సందులోంచి దాని పాదాలు కనిపిస్తున్నాయి. నేను పిలుస్తూనే ఉన్నాను. ఆ పాదాలు కదల్లేదు" అంది అమ్మ. వెనకాల ఇస్త్రీ రోలరు మొదలైన మోత. "సరే, విరామం అయిపోయింది. రేపు రంగులు చెప్తాను."

"రంగులు ఆటలో అక్కర్లేదమ్మా."

"అక్కర్లేకపోతే మానె. చెప్తాను."

రెండో ఏడు వచ్చేసరికి జట్టులో రోకలి మాటలు విని నవ్వడం మొదలుపెట్టారు. తప్పని కాదు. "అచ్చం మా అమ్మమ్మలా మాట్లాడుతున్నావే!" అనేవాళ్ళు. అమ్మ ఆ దేశం వదిలినప్పటి మాటలే ఆమె నోట్లో ఉన్నాయి. ఊళ్ళో మాత్రం మాటలు అక్కడ ఆగలేదు, మారిపోయాయి. అయినా పొడుగమ్మాయి అరిచిన ప్రతి పిలుపూ ఇప్పుడు చెవిన పడీ పడగానే చేతుల్లోకి దిగేది.

రాత్రుళ్ళు కలలు మాత్రం పాత భాషలోనే వచ్చేవి. టీవీలో పాత జట్టు మ్యాచ్ వస్తే చూడకూడదని ఒట్టు పెట్టుకునేది. జాతీయగీతం మొదలయ్యే వేళకి సరిగ్గా టీవీ ముందు ఉండేది. కెమెరా వరుస మీదుగా కదిలి కెప్టెన్ దగ్గరికొస్తే, ఆ పిల్ల కనుబొమ మీద కుట్ల గీత కనబడేది. ఓసారి కెప్టెన్ ఫోన్‌లో, "నీ లాకర్ ఓ కొత్త పిల్లకి ఇచ్చారక్కా. బాగానే ఆడుతుంది. కానీ నవ్వదు. స్క్రమ్‌లో నువ్వు చెవి దగ్గర చెప్పే జోకులు లేక మెడలు మరీ నొప్పెడుతున్నాయి" అంది. "జోకులకైతే అక్కడ నన్నే మొదట సెలెక్టు చేసేవాళ్ళు" అంది రోకలి. పెట్టేశాక ఆ లాకర్ తలుపు లోపల తను అంటించిన, సగం చిరిగిన అరటిపండు స్టిక్కరు ఇంకా ఉందో, గీకేశారో అడగలేదే అనుకుంది.

*

అమ్మకిచ్చిన మాట ఆమె రెండేళ్ళు నిలబెట్టుకుంది. ఆ పైన వల్ల కాలేదు.

కాగితంలో ఉన్న అడ్రసులో ఇల్లు లేదు. అక్కడ కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఎదురుగా తాళాలు బాగుచేసే ముసలాయన మాత్రం పాతవాడు. ఆమె నోట్లో ఆ పాత మాటలు విని తలెత్తి చూసి, "నువ్వెవరి అమ్మాయివో చెప్పక్కర్లేదు" అన్నాడు. పెద్దమ్మ రెండు వీధులవతల, లిఫ్టు లేని నాలుగంతస్తుల భవనంలో ఉంటుందని చెప్పాడు.

పెద్దమ్మ బడిలో లైబ్రరీ చూసుకుని రిటైరయిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తలుపు తీసి, ఎదురుగా ఉన్న మనిషి ఎత్తునీ, భుజాల్నీ, నలిగిన చెవుల్నీ చూసి గ్యాసు బండ తెచ్చారనుకుంది.

"అక్కడ పెట్టమ్మా" అంది.

"పెద్దమ్మా" అంది రోకలి.

పెద్దమ్మ అలాగే కాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత పక్కకి జరిగి దారి ఇచ్చింది. లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చుంది. ఎలా ఉందని అడగలేదు, ఎక్కడుందని అడగలేదు. మొదట అడిగింది ఇది:

"తలుపు సంగతి చెప్పిందా?"

"చెప్పింది."

"తీయగలిగి ఉండి తీయలేదు. నాన్న ఇంట్లో లేడు కూడా. ఆయనకి తెలిస్తే ఏమంటాడో అని నిలబడిపోయాను. తర్వాత దాన్ని నేను చాలా రకాలుగా చెప్పుకుని చూశాను, ఏ రకంగా చెప్పుకున్నా అదే." పెద్దమ్మ గ్లాసు కింద తడిని చేత్తో తుడిచింది. "ఉత్తరాలు రాశాను. పన్నెండు. జవాబు రాలేదు. రాయకపోవడంలో తప్పేం లేదులే."

రోకలి అక్కణ్ణుంచి అమ్మకి ఫోన్ చేయలేదు. వారం తర్వాత చెప్పింది. అమ్మ తిట్టింది. రెండు భాషల్లోనూ తిట్టింది. చివర్లో, "మెట్లు ఎక్కగలుగుతోందా?" అని అడిగి, జవాబు వినకుండా పెట్టేసింది.

*

మూడేళ్ళు నిండిన పన్నెండో రోజున టీచరమ్మ ఇరవైమూడు పేర్లు చదివింది. ఆవిడ కాగితం చూడలేదు, మనుషుల్ని చూసి చదివింది. రెండో నంబరు దగ్గర రోకలి పేరు పలికినప్పుడు, పేరు రాని ఓ అమ్మాయి గోడవైపు తిరిగి బూటు లేసు కట్టుకోసాగింది. అప్పటికే కట్టి ఉన్న లేసు. రోకలి వెళ్ళి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. కాసేపు కూర్చుని లేచింది.

మ్యాచ్ నాడు వాన తుంపర. కొత్త జెర్సీ మెడ దగ్గర కాస్త బిగుతు. జాతీయగీతం మొత్తం నేర్చుకుంది, మూడు చరణాలూ. పక్కవాళ్ళకి రెండో చరణం రాదని అప్పుడే తెలిసింది. గొంతెత్తి పాడింది. అదే సమయంలో ఎక్కడో లోపల్నుంచి ఇంకో గీతం, పదకొండు నిమిషాల రోజున బెంచీ దగ్గర నిలబడి పాడింది, ఈ వరుసల కింద వినబడుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఆమె ఏమీ చేయలేదు.

ఎనభై నిమిషాలూ ఆడింది. తొమ్మిది త్రోలు వేస్తే ఎనిమిది తమవాళ్ళ చేతుల్లో పడ్డాయి. రెండో సగంలో, చివరి గీతకి ఐదడుగుల దూరంలో, తను విసిరిన బంతి అందుకున్న గుంపు మొత్తం బురదలో ముందుకి జారుతుంటే బంతి మళ్ళీ తన చేతికే వచ్చింది. వంగి, పొట్టకి అదుముకుని, ముగ్గురు మీద పడుతున్నా గీత మీదకి తోసుకుపోయింది. ట్రై! పొడుగమ్మాయి ఆమె మీద పడి చెవిలో ఏదో అరిచింది. ఆ మాట అమ్మ నేర్పలేదు, అయినా అర్థమైంది.

నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అవతలి జట్టు చాలా పెద్దది, అంత దగ్గరికి రావడమే గొప్పన్నారు. లాండ్రీలో పనివాళ్ళంతా ఫోన్ చుట్టూ చేరి చూశారట. ఆ పూట వార్డులకి దుప్పట్లు ఆలస్యమయ్యాయని సూపర్‌వైజరు అరిస్తే, "మా అమ్మాయి ట్రై చేసిందండీ" అందట అమ్మ. ఏ దేశానికో చెప్పలేదట.

"ఇప్పుడు రా అమ్మా. వచ్చే నెల ఇంకో మ్యాచ్ ఉంది" అంది రోకలి.

అమ్మ రానని అనలేదు.

అమ్మకి వీసా కావాలి. పెళ్ళయ్యాక ఆమె కూడా పాతది వదులుకుని నాన్న దేశానికి మారింది కదా. ఆహ్వానించే దరఖాస్తు రోకలే నింపింది. వచ్చేవారు మీకు ఏమవుతారు? తల్లి. ఎక్కడ ఉంటారు? నా ఇంట్లో. ఇంతకుముందు ఈ దేశానికి వచ్చారా? అవును. ఎన్ని రోజులు ఉన్నారు? అక్కడ రోకలి కలం చాలాసేపు ఆగింది. ఇచ్చిన గడిలో రెండంకెలే పడతాయి. "ఇరవైనాలుగు" అని రాసి, పక్కన చిన్నక్షరాల్లో "ఏళ్ళు" అని చేర్చింది.

పదకొండు రోజులు ఉండేలా వచ్చింది అమ్మ. నాన్న రాలేదు, షాపులో గేటు పని ఒప్పుకున్నానని వంక చెప్పాడు. మొదటి రోజే రోకలి ఆమెని పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. మెట్ల దగ్గర అమ్మ ఆగిపోతుందేమో అనుకుంది. ఆగలేదు, గబగబా ఎక్కింది. పైన తలుపు బార్లా తెరిచి ఉంది. పొద్దున్నుంచీ అలాగే తెరిచి పెట్టిందట, పక్కింటి పిల్లి రెండుసార్లు లోపలికొచ్చి పోయిందట.

అక్కాచెల్లెళ్ళు కౌగిలించుకోలేదు. అమ్మ గది నలుమూలలా చూసి, "ఆ కుర్చీ నాది" అంది.

"నీదెలా అవుతుంది, నా పదో తరగతికి నాన్న కొన్నది."

"కిటికీ పక్క కుర్చీ ఎప్పుడూ నాదే."

"నువ్వు లాక్కునేదానివి."

ఓ గంట కుర్చీ గురించి దెబ్బలాడుకున్నారు. ఆ తర్వాత అమ్మ అందులో కూర్చుని, మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. పెద్దమ్మ వెనక నిలబడి కుర్చీ వీపు పట్టుకుంది, మనిషిని పట్టుకునే ధైర్యం చాలక. రోకలి వంటగదిలోకెళ్ళి కుళాయి తిప్పి, అక్కర్లేని గిన్నెలు కడిగింది.

మిగతా రోజుల్లో అమ్మ ఊరంతా తిరిగింది. దుకాణాల్లో ఆమె మాట్లాడితే కుర్రవాళ్ళు మళ్ళీ చెప్పమనేవారు. ఒకతను మర్యాదగా, "ఏ దేశం నుంచి వచ్చారండీ?" అన్నాడు. బస్సు ఎక్కడ ఎక్కాలో, ఏ వీధి ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు. మ్యాచ్ చూసింది, చప్పట్లు కొట్టింది, కూతురు కింద పడ్డ ప్రతిసారీ పెద్దమ్మ చెయ్యి నొక్కింది. జట్టు గెలిచింది కూడా. కానీ తొమ్మిదో రోజుకే సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

"ఇంకో నెల వీసా పొడిగించొచ్చమ్మా" అంది రోకలి.

"ఉండి ఏం చేయను? నిన్న ఎవరో దారి అడిగారు. చెప్పలేకపోయాను. అక్కడైతే ఆసుపత్రిలో ఏ వార్డు ఎటో కళ్ళు మూసుకుని చెప్తాను."

"మరి నేనో?"

అమ్మ దుప్పటి కొసలు కలిపి మడత పెడుతోంది. రోకలి అలవాటుగా రెండో కొస పట్టుకుంది. "నువ్వు ఇక్కడ ఆడాలి కదే" అంది అమ్మ. "నేను వెళ్ళి నాన్నని చూసుకోవాలి. ఏం చేస్తాం." మడత పూర్తయ్యాక కూడా కొస కాసేపు వదల్లేదు.

విమానాశ్రయంలో అద్దాల తలుపు దాటి అమ్మ లోపలికి వెళ్ళాక, రోకలీ పెద్దమ్మా తిరుగు బస్సెక్కారు. మధ్యాహ్నపు ఎండ, బస్సు సగం ఖాళీ.

"ఇంకా ఎన్నేళ్ళు ఆడతావు?" అంది పెద్దమ్మ.

"మెడ బాగుంటే మూడు. లేకపోతే రెండు."

"ఆ తర్వాత?"

"తెలీదు."

పెద్దమ్మ తలూపింది. కొంతదూరం పోయాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "మీ ఇల్లు ఎలా ఉంటుంది?" అని అడిగింది. "నేనెప్పుడూ చూడలేదు. అది ఏ ఇంట్లో బతుకుతోందో ఊహించుకుందామంటే నాకు ఏమీ కనబడదు."

రోకలి చెప్పడం మొదలుపెట్టింది. ముందు మూడు మెట్లుంటాయి పెద్దమ్మా, మధ్య మెట్టు పగిలింది, కొత్తవాళ్ళు తప్పకుండా తడబడతారు. తలుపు పచ్చరంగు, నాన్న ఏటేటా మళ్ళీ వేస్తాననే అంటాడు. లోపలికి రాగానే ఎడంవైపు వంటిల్లు. పొయ్యి మీద కిటికీ, ఆ కిటికీ లోంచి చూస్తే పక్కవాళ్ళ డాబా మీద నీళ్ళ ట్యాంకు, దాని మీద సాయంత్రం పూట పావురాలు. అమ్మ నిలబడే చోట నేల కాస్త నున్నగా అరిగి ఉంటుంది. నా గది లోపల, చిన్నది, కాళ్ళు చాపితే గోడకి తగులుతాయి...

ఆమె చెబుతూ పోయింది. పెద్దమ్మ మధ్యలో ఒక్కటే అడిగేది, "ఇంకా?" అని. వాళ్ళు దిగాల్సిన చోట బస్సు ఆగింది, తలుపు తెరుచుకుంది, ఎవరో ఎక్కారు, మళ్ళీ కదిలింది. ఇద్దరూ చూడలేదు. రోకలి అప్పుడే పెరటి తలుపు దాకా వచ్చింది.